పి.టి. మిస్సు వద్దన్న మెట్లు

మొన్న శుక్రవారం తిరుత్తణి బస్టాండు ఎదురుగా, పళ్ళకొట్టు పక్క గోడమీద ఒక పోస్టరు చూశాను. పైన పెద్ద నల్ల అక్షరాలతో తమిళంలో 'కన్నీటి అంజలి' అని ఉంది. మధ్యలో ఆమె ఫోటో, కింద దుఃఖిస్తున్నవారి పేర్లు వరసగా. మొదటి పేరు మా బడి కరస్పాండెంటుది. రెండోది మా పాత హెచ్చెం మేడంది. మూడోది తల్లిదండ్రుల సంఘం ప్రెసిడెంటుది. ఆరేళ్ళ కిందట ఆమెను బడి గేటు బయటికి పంపింది సరిగ్గా ఈ ముగ్గురే. ఇప్పుడు కన్నీళ్ళు కారుస్తూ గోడెక్కారు. ఒళ్ళు మండిపోయింది నాకు. కొట్టాయన "తెలిసినోళ్ళా టీచర్?" అని అడిగితే, అవునని తల ఊపి, అరటిపళ్ళు కొనకుండానే వచ్చేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు ఆ పోస్టరు మీద ఉంది కదా, అక్కడే ఉండనీ. అయినా మా బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకూ మాకూ కూడా ఆమె పి.టి. మిస్సే.

నేను ఆ బడిలో తెలుగు టీచరును. తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గిపోతుంటే నన్ను సగం రోజు లైబ్రరీలో కూచోబెట్టేవారు. లైబ్రరీ కిటికీలోంచి గ్రౌండు మొత్తం కనబడుతుంది. అలా పదకొండేళ్ళు ఆమెను చూశాను. నేత చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కింద తెల్ల క్యాన్వాసు బూట్లు. మెడలో విజిల్ ఉండేది గాని ఊదగా విన్నది తక్కువ. రెండు చప్పట్లు కొడితే చాలు, గ్రౌండు ఆ చివరనున్న ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చేవారు.

మా బళ్ళలో ఒక దొంగతనం ఉంది, దాన్ని ఎవరూ దొంగతనం అనరు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే లెక్కల సారు వచ్చి పి.టి. పీరియడు అడుగుతాడు. ఆయన వెనకే సైన్సు టీచరు. నేనూ రెండుసార్లు అడిగాను, ఎందుకు దాచాలి. ఆమె ఎవరికీ లేదనేది కాదు. "తీసుకోండి సార్. దానికి బదులుగా మీ లెక్కల పీరియడు ఒగటి నాకియ్యండి, పిల్లోళ్ళను పరిగెత్తిస్తా" అనేది. లెక్కల సారు నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు, టైంటేబులు తెరిచి పట్టుకొని నిలబడేది. ఆయన చివరికి వెళ్ళిపోయేవాడు.

ఆమె మంచిదే గాని మెత్తనిది కాదు. అనుమానం మనిషి. పొద్దున తిన్నావా అని అడిగితే పిల్ల తిన్నానంటే నమ్మేది కాదు, ఏం తిన్నావో చెప్పమనేది. తడబడితే ఆరోజు ఆట లేదు. సంచిలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి ఒళ్ళో పోసి, అన్నీ ఒలుచుకొని తినేదాకా చెట్టునీడన కూచోబెట్టేది. "బండికి డీజిలు పొయ్యకుండా తోలి, బండి చెడిపోయిందని ఏడిస్తే ఎట్లా" అని గొణుక్కునేది.

ఎవరైనా పడి కాలు బెణికిందంటే ఆమె చేసే పని ఒక్కటే తీరుగా ఉండేది. పళవేర్కాడు నుంచి రొయ్యలు తెచ్చి మా వీధి చివర అమ్మే ఆమె దగ్గర పొద్దున్నే ఐసు అడిగి తెచ్చి, పెద్ద ఫ్లాస్కులో పోసి పెట్టుకొనేది. ఆ ఐసు తడిగుడ్డలో చుట్టి దెబ్బ తగిలినచోట కాసేపు పెట్టి తీసేది. పైన వెడల్పు పట్టీ చుట్టేది. కాలు బెంచీ మీద ఎత్తుగా పెట్టించి, పాఠాలు అలాగే వినమని క్లాసుకు పంపేది. క్లాసంతా రొయ్యల వాసన వస్తోందని లెక్కల సారు ఫిర్యాదు చేశాడు. "వాసన సాయంత్రానికి పోతాది సార్. వాపు పది దినాలైనా పోదు" అని ఆమె జవాబు.

మావైపు కాలు మెలిపడితే ముసలమ్మలు నూనె కాచి, పిల్ల కేకలు పెట్టేదాకా రుద్దుతారు. ఆమెకు అది చూస్తే పిచ్చికోపం. "మొదటి రెండు దినాలు చెయ్యి పెట్టొద్దండీ. లోపల తెగిన చోట రగతం ఊరతా ఉంటాది. రుద్దితే ఇంగా ఊరతాది" అని ఇళ్ళ వాకిళ్ళలో నిలబడి పోట్లాడేది. మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో నొక్కుతూ, మోకాలి వైపు చూడకుండా పిల్ల ముఖంలోకే చూస్తుండేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "నోరు 'నొప్పి లేదు మిస్' అంటాది టీచరే. కనుబొమ్మకు అబద్ధం రాదు" అంది.

అందరూ ఆమెతో గొడవపడింది మాత్రం ఇంకో మాట మీద. నొప్పి పోయిన పిల్లను ఆమె ఆడనిచ్చేది కాదు. "నొప్పి పోయిందంటే సగం దారి వచ్చినట్టు. మన పని అప్పుడే కదా మొదలు" అనేది. ఒక టోర్నమెంటులో మా బడి పిల్ల ఒకతెకు చీలమండ మడత పడితే, అక్కడి ఆయనెవరో చల్లటి స్ప్రే బుస్సుమని కొట్టి "ఏమీ లేదు, పోయి ఆడమ్మా" అన్నాడు. ఈమె కోర్టులోకి నడిచి వెళ్ళి పిల్లను చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చేసింది. మ్యాచి పోయింది. కప్పు పోయింది. హెచ్చెం మేడం గది అద్దాల బీరువాలో ఆ కప్పు కోసం చోటు కూడా చేసి ఉంచారట. అప్పటినుంచి మేడంకు ఆమె కంట్లో నలుసు.

ఇక నా సంగతి చెప్పాలి. మా అమ్మాయి భార్గవి ప్లస్ వన్ చదివేటప్పుడు కబడ్డీలో మా బడికి మొదటి రైడరు. తిరువళ్ళూరులో ఆడుతుండగా నలుగురు కలిసి పట్టేశారు. పాదం నేలకే అతుక్కుపోయి, మోకాలు లోపలి పక్కకు వంగింది. మోకాటి ఎముకల్ని కదలకుండా పట్టి ఉంచే పట్టీలుంటాయి, వాటిని మావైపు జవ్వు అంటారు. లోపలి పక్క జవ్వు సగం చినిగిందన్నాడు అక్కడి డాక్టరు. ఆపరేషన్ అక్కర్లేదు, మూడు నెలలు ఓపికగా వ్యాయామం చేస్తే మళ్ళీ ఆడుతుందన్నాడు. నాలుగు నెలల్లో స్టేటు జట్టుకు ఎంపిక ఉంది. మా పిల్లకు ప్రపంచంలో కావలసింది అదొక్కటే, మళ్ళీ కోర్టులో దిగడం.

పి.టి. మిస్సు రోజూ బడి వదలగానే మా ఇంటికి వచ్చేది. మా వారిది పొదటూరుపేట నేతకుటుంబం. తిరుత్తణికి వచ్చినా ఇంట్లో మగ్గం ఉంది, మా అత్త దానిమీదే కూచునేది. మొదటిరోజే మిస్సు ఆ మగ్గం పక్కన నిలబడి, "అవ్వా, పడుగులో పోగు తెగితే ఏం జేస్తావు?" అని అడిగింది.

"అతుకుతాను. ఇంగేం జేస్తారు" అంది మా అత్త.

"అతికిన ఎంటనే బలంగా తొక్కి బాదుతావా?"

"మల్లా తెగిపోదూ?"

"మీ పాప మోకాట్లో కూడా అదే. అతుకు పడతా ఉండాది. దాన్ని కొంచెం కొంచెం లాగి గట్టి చెయ్యల్ల. అసలు లాగకపోతే మెత్తగా ఉండిపోతాది. ఒగేసారి లాగితే తెగతాది."

మా అత్త లేచి వెళ్ళి ఆమెకు కాఫీ కలిపి తెచ్చింది. మా అత్త అలా లేచిందంటే ఆ మనిషి నచ్చినట్టే.

మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టడం మొదటి వారం పని. తర్వాత కాలు చాపి నిటారుగా ఎత్తడం. పళ్ళు తోముకుంటున్నంత సేపూ ఆ ఒంటికాలి మీదే నిలబడాలి. గోడకు వీపు ఆనించి సగం కూచోవడం. కొన్నాళ్ళకు మిస్సు మా పెరట్లో సుద్దముక్కతో గీత గీసింది. బాగున్న కాలితో భార్గవి ఎంతదూరం గెంతితే అక్కడ ఇంకో గీత. "ఆ కాలు కూడా ఈ గీత దాకా గెంతిన దినం నువ్వు కోర్టులోకి పోవచ్చు. అంతవరకు నన్ను అడగొద్దు." ఏడువారాలకు వాపు లేదు, నొప్పి లేదు, నడకలో తేడా లేదు. గెంతు మాత్రం సగం గీత దగ్గరే ఆగేది. పిల్ల ఏడ్చేది. మిస్సు చూస్తూ ఊరుకునేది, ఓదార్చడం ఆమెకు రాదు.

అప్పుడొచ్చింది ఆడికృత్తిక, మా కొండమీది స్వామి పండగ. మోకాలికి దెబ్బ తగిలిన రోజే మా అత్త పసుపుగుడ్డలో ముడుపు కట్టి మొక్కుకుంది. పాప కాలు బాగైతే పాపే కావడి ఎత్తుకొని, మెట్లదారినే సుబ్రహ్మణ్యస్వామి కొండ ఎక్కి దిగాలని. మావైపు దీన్ని వేండుదల అంటారు. పెట్టుకున్నాక తప్పించుకోవడమన్నది లేదు. మూడువందల అరవై అయిదు మెట్లు.

ఈ సంగతి భార్గవి చెప్పగా విని, పండగ ముందురోజు మిస్సు మా ఇంటికి పరుగున వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు.

"అవ్వా, మొక్కు తీర్చొద్దని నేను అనలేదు. పైదాకా రోడ్డుండాది కదా, బస్సులో పోండి. కావడి వాళ్ళ నాయన ఎత్తనీ. పాపను మెట్లు దిగనీయొద్దు."

"నడస్తా ఉండాది కదమ్మా. నొప్పి లేదంటా ఉండాది."

"నొప్పి లేదు, నిజమే. బలం రాలేదు. ఎక్కేదాంట్లో ఇబ్బంది లేదు టీచరే" అని నా వైపు తిరిగింది, "దిగేదే మోకాలిని తినేది. ఒంటిబరువంతా ఒగ కాలి మీద పడతాది. జనంలో తోపులాట. నాలుగు వారాలు ఆగండి, నేనే తోడొస్తా."

మా అత్త ముఖం బిగుసుకుంది. "దేవుడిచ్చిన కాలు దేవుడి కాడికి నడవకూడదా? నువ్వు చర్చికి పొయ్యేదానివి. మా వేండుదల నీకేం తెలుస్తాది."

ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. ఎందుకంటే ప్రతి ఆడికృత్తికకూ కొండమెట్ల మొదట ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ బిందె పెట్టుకొని కూచునేది ఈ చర్చి మనిషే. కావడి మోసి దిగివచ్చేవాళ్ళకు పిక్కలు పట్టేస్తే, వాళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని పాదం మెల్లగా పైకి వంచి సాగదీసేది. ఆ మెట్లు మోకాళ్ళను ఏం చేస్తాయో ఊళ్ళో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈ సంగతి నాకు తెలుసు. అప్పుడు నేను అనవలసింది కదా. అనలేదు. బియ్యం ఏరుతూ కూచున్నాను.

మర్నాడు మేం ఎక్కాం. ఎక్కడం బాగానే ఎక్కింది పిల్ల, పసుపు చీరలో, భుజం మీద కావడితో, ముఖం వెలిగిపోతూ. దర్శనమయ్యాక దిగుతుంటే మెట్లన్నీ తడిగా ఉన్నాయి, పూలు, టెంకాయ నీళ్ళు. సగం దారిలో వెనకనుంచి ఎవరో ఎవరినో తోస్తే ఆ తోపు మా దాకా వచ్చింది. కాలు కింది మెట్టు మీద పడి మోకాలు లోపలికి విరుచుకుపోయింది. టప్ మన్న ఆ చప్పుడు పక్కనున్న నాకు వినబడింది. ఈసారి లోపలి జవ్వుతోపాటు మోకాటి నడుమ ఉండే పెద్ద జవ్వు కూడా తెగింది.

కింద నీళ్ళబిందె దగ్గరనుంచి మిస్సు మమ్మల్ని చూసింది. జనాన్ని తోసుకుంటూ పైకి వచ్చి, పక్కనెవరి చేతిలోదో గొడుగు లాక్కొని కాలికి ఊతంగా పెట్టి, నా పైట చించి కట్టింది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె నోట రాలేదు. భార్గవితో మాత్రం "ఊపిరి తీసుకో. నన్నే చూడు" అంటూ ఉంది.

తిరువళ్ళూరులో డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. మా అత్త నోరు తెరిచింది. "బళ్ళో పి.టి. మిస్సు గెంతించి గెంతించి కాలు చెడగొట్టింది సార్. అప్పట్నుంచే పట్టు తప్పింది" అంది. నేను నిర్ఘాంతపోయాను. కాని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది కూడా. మొక్కు తీర్చబోతే కాలు పోయిందని చెబితే అది స్వామి మీద నింద. కావడి మీద చెప్పకూడదు, కొండ మీద చెప్పకూడదు. ఆ నింద ఎవరో ఒకరి నెత్తిన పడాలి. అత్తమీది కోపం దుత్తమీద అంటారే, మా ఇంట్లో దేవుడిమీద చెప్పలేనిది పి.టి. మిస్సు మీద పడింది. మా వారు గోడవైపు చూశారు. నేను నేలవైపు చూశాను. తిలా పాపం తలా పిడికెడు.

మాట ఊరు దాటడానికి ఎంతసేపు. తల్లిదండ్రుల సంఘం ప్రెసిడెంటు బడికి వచ్చాడు, హెచ్చెం మేడం ఎదురుచూస్తున్నట్టే ఉంది. నన్ను గదిలోకి పిలిచారు. మిస్సు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఆమె పార్ట్‌టైం, చేతిలో ఆర్డరు కాయితం కూడా లేని ఉద్యోగం.

"మీ అమ్మాయి కాలు ఈమె వ్యాయామాల వల్లే పోయిందంటున్నారు. మీరేమంటారు టీచర్?" అని మేడం అడిగింది.

మిస్సు నా ముఖంలోకే చూస్తోంది. పిల్లల మోకాలు నొక్కేటప్పుడు చూసే చూపే అది.

"నాకు తెలియదు మేడం" అన్నాను.

ఇంట్లో అత్త, బయట ఊరు, ఎదురుగా మేడం, నాకూ ఉద్యోగం, ఇలా ఎన్ని సాకులైనా చెప్పొచ్చు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి పిల్లలకు తెలుగు పాఠం చెప్పడం నాకు చాతకాదు. సోమవారం నుంచి రావద్దన్నారు కరస్పాండెంటు అని ఆమెకు నోటిమాటగా చెప్పారు. ఫ్లాస్కు తీసుకొని వెళ్ళిపోయింది. ఆ వారమే లెక్కల సారు పి.టి. పీరియడ్లు రెండూ తన పేరుతో రాయించుకున్నాడు.

భార్గవికి ఆపరేషన్ అయింది. స్టేటు ఎంపిక దాటిపోయింది. కర్రలు వదిలాక టైపు క్లాసుకు చేరానని రోజూ సాయంత్రం వెళ్ళేది. ఒకరోజు వాన పడుతుంటే గొడుగు పట్టుకొని టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయాను. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరన్నారు. ఎక్కడికి పోతోందో నాకు వెంటనే తెలిసిపోయింది. గొడుగు మడిచి వెనక్కి వచ్చేశాను. పిల్ల తడిసి వస్తే తల తుడిచాను గాని ఒక్క మాట అడగలేదు. తొమ్మిది నెలలు మిస్సు తన ఇంట్లో మా పిల్ల కాలును మొదటినుంచీ మళ్ళీ నిలబెట్టింది, నేను టైపు క్లాసు ఎలా ఉందని అడుగుతూ వచ్చాను. సిగ్గు లేకపోతే సరి.

ఇప్పుడు భార్గవి తిరువళ్ళూరు వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. షిఫ్టంతా నిలబడే పని. కిందటేడు వాళ్ళ ఫ్యాక్టరీ ఆటల్లో కబడ్డీ ఆడి మోచెయ్యి గీరుకొని వచ్చింది. మోకాలికి ఏమీ కాలేదు.

నిన్న శనివారం బడిలో సంతాపసభ పెట్టారు. రిటైరైన హెచ్చెం మేడం వచ్చి, ఆమె అంకితభావం, క్రమశిక్షణ అని పది నిమిషాలు మాట్లాడింది. ప్రెసిడెంటు గొంతు బొంగురుపోయింది. ఫోటోకు పెద్ద దండ. ఉన్నప్పుడు ఒక కుర్చీ ఇవ్వనివాళ్ళు. తెలుగు వాళ్ళ తరఫున రెండు మాటలు చెప్పమని నన్ను లేపారు. చెప్పాను. మొక్కు సంగతి చెప్పాను, మా అత్త సంగతి చెప్పాను, ఆ గదిలో నేనన్న మాట చెప్పాను, ఎవరెవరు ఉన్నారో వేలుపెట్టి చూపించాను. మేడం నెమ్మదిగా తమిళంలో "ఇప్పో ఎదుక్కు టీచర్ అదెల్లాం" అంది, ఇప్పుడు అవన్నీ ఎందుకని. ఎందుకో ఆమెకు తెలియదు కాబోలు. నేను కూచోలేదు, బయటికి నడిచి వచ్చేశాను. ఆరేళ్ళ బరువు దిగినట్టే అనిపించింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా.

సాయంత్రం భార్గవి షిఫ్టు దిగి వచ్చింది. గడప మీద కూచొని బూట్లు విప్పుతుంటే, "ఈరోజు అందరి ముందూ చెప్పేసినానే" అన్నాను.

తల ఎత్తలేదు. "ఎవురికి చెప్పినావు?"

"అందరికీ. మేడంకు, ప్రెసిడెంటుకు."

"వాళ్ళకు తెలీదా?"

అది రెండో బూటు విప్పి పక్కన పెట్టింది.

"ఒగసారి నేను ఆయమ్మతో అన్నాను. మా అమ్మను తోడుకొచ్చి నీ ముందర నిలబెడతా మిస్, నోరు తెరిచి చెప్పల్ల అని. వద్దనింది. మీ అమ్మే వస్తాదిలే, నేను యాడికి పోతాను, ఈడే కదా ఉండేది అనింది."

ఆమె ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల. కూరగాయలకు పోయేటప్పుడు ఆ వీధి తప్పించడానికి నేను చుట్టూ తిరిగి పోయేదాన్ని.